కొంటే చాలదు.. పని చేయాలి!
ప్రభుత్వ ఆసుపత్రికి వైద్య పరికరం చేరేదిలా..

జిల్లా ఆసుపత్రికి కొత్త స్కానింగ్‌ యంత్రం మంజూరైందంటే పేద రోగులకు పెద్ద ఊరట. ప్రైవేటు కేంద్రాలకు వెళ్లి వేలకు వేలు చెల్లించే బాధ తప్పుతుంది. అయితే మంజూరు ఉత్తర్వు నుంచి తొలి రోగికి పరీక్ష జరిగే వరకు అనేక దశలున్నాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా లక్షలు వెచ్చించిన యంత్రం మూలన పడుతుంది.

అవసరమే తొలి మెట్టు
ఏ పరికరం కావాలన్నది ముందుగా ఆసుపత్రిలోనే తేలాలి. విభాగాధిపతులు, సూపరింటెండెంట్‌ కలిసి రోజువారీ ఓపీ, బయటకు పంపుతున్న కేసులు, ఉన్న యంత్రాల వయసు పరిశీలించి ప్రతిపాదన పంపాలి. యంత్రాన్ని నడిపే టెక్నీషియన్‌, ఫలితాన్ని విశ్లేషించే వైద్యుడు ఉన్నారా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. చిన్న పరికరాలను ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతో కొనే వీలుంది. ఖరీదైన వాటిని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థలు టెండర్ల ద్వారా సేకరిస్తాయి.

తక్కువ ధరే కొలమానమా?
ఖరీదైన పరికరాలకు సాంకేతిక బిడ్‌, ధర బిడ్‌ వేర్వేరుగా స్వీకరిస్తారు. సాంకేతిక అర్హత సాధించిన సంస్థల ధరలనే తెరుస్తారు. వాటిలో తక్కువ ధరకు ఆర్డరు దక్కడం పరిపాటి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొన్ని రక్తపరీక్ష యంత్రాలకు అదే కంపెనీ రసాయనాలు వాడక తప్పదు. రోజుకు వంద పరీక్షలు జరిగేచోట ఒక్కోదానికి రూ.10 అదనమైతే, 300 పనిదినాలకు భారం రూ.3 లక్షలు. అందుకే రసాయనాలు, విడిభాగాలు, వారంటీ తర్వాతి నిర్వహణ ఒప్పందం ఖర్చును కూడా ధరతో కలిపి లెక్కించాలి.

అనుమతులూ కీలకమే
ఎక్స్‌రే, సీటీ స్కాన్‌ యంత్రాలకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. అల్ట్రాసౌండ్‌కు 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్ట్రేషన్‌ ఉండాలి. గది, విద్యుత్తు సరఫరా, ఏసీ వంటి ఏర్పాట్లు యంత్రం రాకముందే పూర్తి కావాలి.

మూడో వంతు దాకా మూలకు!
కేంద్ర ఆరోగ్యశాఖ గతంలో 29 రాష్ట్రాల్లో 7,56,750 పరికరాలను లెక్కించగా, రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం పనిచేయడం లేదని తేలింది. దీంతో 2015లో జాతీయ ఆరోగ్య మిషన్‌ కింద పరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని ప్రారంభించారు. జిల్లా ఆసుపత్రుల్లో పరికరాలు 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 90 శాతం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 80 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలన్నది దీని లక్ష్యం.

ఈ లక్ష్యం నెరవేరుతోందో లేదో ప్రజలూ తెలుసుకోవచ్చు. యంత్రం ఎప్పుడు కొన్నారు, వారంటీ ఎంతకాలం, ఎన్ని రోజులు మూలనపడింది వంటి వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. ప్రారంభోత్సవం నాటి రిబ్బను కన్నా మరమ్మతుల రిజిస్టరే ఆసుపత్రి పనితీరుకు అసలైన అద్దం.