చెక్క వేదికపై ప్లైవుడ్ పరచుటకు ఏ స్టేప్లరు తగును?

మన ప్రాంతమున నేల యనగానే షాబాదు బండయే తోచును. కలబురగి జిల్లాలోని షాబాదు పేరుతో వచ్చు ఆ బండ చల్లగా నుండును, చెదలెరుగదు, కడిగినచో శుభ్రపడును. చెక్కనేల మన యిండ్ల వాడుక కాదు. అమెరికా, కెనడా దేశములలో ఇండ్లు పెక్కు చెక్కతోనే కట్టుదురు గనుక, అచ్చట అడుగు పలకలమీద పలుచని ప్లైవుడ్‌ను రెండవ పొరగా పరచి, దానిపై వినైల్ షీటు వంటిది అంటించుట పరిపాటి. మనకు ఆ పని పడునది ముఖ్యముగా ఒక్క చోటనే: పాఠశాల వేదికమీద.

వేదికపై పిల్లలు వట్టికాళ్ళతో నర్తింతురు. కూచిపూడి ఆడు బాలిక పాదము నేలను బలముగా తాటించును. మేకు తల నూలు మందము పైకి లేచినను గాయము తప్పదు. అట్టి గాయమొకటి ఒక పాఠశాల ఉత్సవమున జరుగగా మేము చూచియున్నాము. కావున వేదికకు ప్లైవుడ్ వేయించునపుడు గాలి స్టేప్లరు కొనవలెనా, కొన్నచో ఎట్టిది కొనవలెను అని కొందరు తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న చిన్నది కాదు.

మొదట మేకుల మాట. కొయ్య వానకాలమున తేమ పీల్చి ఉబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. రాయచూరు ఎండలు తెలియని వారెవరు? ఈ ఉబ్బు తగ్గులలో నున్నని మేకు కొంచెము కొంచెముగా పైకి వచ్చును. ఒడలిపై గాట్లున్న మేకు చాలవరకు నిలుచును. మరమేకు అన్నిటికంటె గట్టిది. కాని ఒక్కొక్కటి బిగించి, తలగుంటను లప్పముతో పూడ్చవలెను. స్టేప్లరు పిన్నుకు రెండు కాళ్ళు, వాటిని కలుపు అడ్డకమ్మి ఉండును. కమ్మి పలుచని పలకను అదిమిపట్టును, కాళ్ళు అడుగు పలకలో నాటుకొనును. మంచి పిన్నుల కాళ్ళకు జిగురు పూత కూడ ఉండును. వేగముగా దిగునపుడు పుట్టు వేడికి ఆ పూత మెత్తబడి కొయ్యను పట్టుకొనును.

ఇక యంత్రము. చేతితో నొక్కునది కాగితములకు, గుడ్డకు సరి. కరెంటుతో నడుచు చిన్నది తెరలు, తివాచీలు బిగించుటకు చాలును గాని ప్లైవుడ్‌కు చాలదు. సోఫాలు కుట్టు వారి గాలి గన్ను చూచి పలువురు మోసపోవుదురు. అందు పడు 80 శ్రేణి పిన్ను కమ్మి వెడల్పు, తీగ సన్నము, కాలు పొట్టి. రెక్సిన్ బిగించుటకే అది పుట్టినది. మనకు కావలసినది ఇరుకు కమ్మి గన్ను. దానికి సుమారు 6 మిల్లీమీటర్ల కమ్మి గల 18 గేజి పిన్ను పడును. అంగడిలో దీనిని 90 శ్రేణి అందురు. ప్లైవుడ్ 9 మిల్లీమీటర్లో అంతకు మించియో ఉన్నచో 16 గేజి తీగ మేలు.

పిన్ను పొడవు లెక్కించుట మన అయిదవ తరగతి పిల్లలకు కూడ వచ్చును. పై పలక 6 మిల్లీమీటర్లు, అడుగు పలక 18. పిన్ను అడుగు పలకలోనికి కనీసము 16 మిల్లీమీటర్లు దిగవలెను. ఆరును పదునారును కలిపిన 22. ఆ కొలత పిన్ను దొరకును. 30 మిల్లీమీటర్లది వేసినచో మొనలు అడుగున పొడుచుకొని వచ్చును. వేదిక క్రిందికి దూరని పిల్లవాడు ఏ బడిలోను లేడు.

అంచుల వెంబడి 3 అంగుళముల కొకటి, నడుమ నిలువునను అడ్డమునను 6 అంగుళముల కొకటి వేయవలెను. పలక తయారుచేసినవారు ఇంకను దగ్గరగా వేయుమన్నచో వారి మాటయే ప్రమాణము. ఈ లెక్కను 8 అడుగులకు 4 అడుగుల పలకకు దాదాపు 200 పిన్నులు పట్టును. 16 అడుగులకు 12 అడుగుల వేదికకు ఆరు పలకలు, అనగా 1,200 పిన్నులు. సుత్తితో అన్ని మేకులు కొట్టు వడ్రంగి భుజము సంగతి ఆలోచింపుడు!

గాలి పీడనము సాధారణముగా చదరపు అంగుళమునకు 70 నుండి 100 పౌనులు. ఎక్కువైనచో కమ్మి పై పొరను కోసి లోనికి పోవును, పట్టు పోవును. తక్కువైనచో పైకి నిలుచును. కావున లోతు సవరించు మర గల గన్నునే ఎన్నుకొనవలెను. పంక్చరు అంగడి కంప్రెసరుతో పని జరుగునా అని ఒకరడిగిరి. పీడనము తగ్గించు సాధనము, తేమను వడగట్టు గిన్నె అమర్చినచో జరుగును. ఆక్సిజన్ సిలిండరుకు మాత్రము ఎన్నడును తగిలింపరాదు, ప్రేలును.

మీట విషయమున మేము గట్టిగా చెప్పుదుము. కొన్ని గన్నులు మీట నొక్కియుంచి ముక్కు తాకించిన చోటనెల్ల పిన్ను వదలును. పని వేగమే, ప్రమాదము అంతకంటె వేగము. ముక్కు ఆనించిన పిదప ఒక్కొక్కమారు మీట నొక్కిననే పనిచేయు గన్నునే తీసికొనుడు. కంటి అద్దములు తప్పనిసరి. పిన్ను ఇరుకుకొన్నచో గాలి గొట్టము ఊడదీసిన తరువాతనే ముట్టవలెను.

ఒక్క వేదిక కొరకు కొనవలెనా? వలదని మా అభిప్రాయము. గన్ను తెలిసిన వడ్రంగిని రాయచూరు నుండి రప్పించి, మిగిలిన సొమ్ముతో ఐ.ఎస్.ఐ. గుర్తు గల, నీటికి తాళు జిగురుతో చేసిన ప్లైవుడ్ కొనుట మేలు. కొంచెపు ధరకు వచ్చు పలకలలో లోపలి పొరల నడుమ సందులుండును. అచ్చట ఎంత మంచి పిన్నైనను గాలిలో దిగినట్లే.

పలకలను పనికి రెండు మూడు దినముల ముందే వేదిక గదిలో నుంచవలెను. వాటి కీళ్ళు అడుగు పలకల కీళ్ళపై పడరాదు. పలకకు పలకకు నడుమ మిల్లీమీటరు ఎడము విడువవలెను. పలకపై నిలిచి ఒక మూల మొదలుపెట్టి విసనకర్రవలె ఎదుటి మూలకు సాగినచో నడుమ ఉబ్బు రాదు. కమ్మి పై పొర నారకు అడ్డముగా పడునట్లు గన్ను పట్టవలెను. నార వెంబడి పడినచో అది నారల నడుమ మునిగిపోవును.

అంతయు ముగిసిన పిమ్మట వెడల్పాటి ఉక్కు లప్పపు పట్టీని పలక అంతట మీదుగా పగటి వెలుతురున లాగవలెను. టక్కుమని తగిలిన చోటనెల్ల సుత్తితో అణచి, లొంగనిదానిని పెరికి ప్రక్కన మరియొకటి వేసి, ఆ తరువాతనే లప్పము పూయవలెను.