పెండ్లికి ముందు మిత్రగోష్ఠి: భవానీ ద్వీపమున రెండు దినములు

వివాహము నిశ్చయమైన యువకుని అతని స్నేహితులు పెండ్లికి ముందు ఎచటికైన తీసికొనిపోయి, ఒకటి రెండు దినములు విందు వినోదములతో గడుపుట ఇటీవల మన పట్టణములలో వ్యాపించుచున్న వేడుక. యువకులు దీనిని ‘బ్యాచిలర్ పార్టీ’ అనుచున్నారు. ఈ మాట ఇంటిలో వినబడగనే పిల్లలకు ఉత్సాహము, పెద్దలకు సందేహము కలుగుట సహజము. అయితే ఉత్సాహ మొక్కటే యున్నచో ఏర్పాట్లు సాగవు; సందేహ మొక్కటే యున్నచో వేడుక సాగదు. అట్టి గోష్ఠి నెట్లు సమకూర్చుకొనవలెనో, విజయవాడ చెంత కృష్ణానదిలో నున్న భవానీ ద్వీపమును ఉదాహరణముగా గొని ఇచట వివరింతము.

ఈ ఆచారము పేరు పరాయిదే గాని, భావము మనకు క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశీయులు దీనిని ‘బ్రహ్మచారి బ్రతుకును పూడ్చిపెట్టుట’ అందురు. జర్మనీలో పెండ్లికి ముందు నాటి సాయంకాలము బంధుమిత్రులు చేరి పింగాణి పాత్రలను పగులగొట్టి సంతోషింతురు. మన వివాహములలో స్నాతకము బ్రహ్మచర్య దశ ముగిసినదని తెలుపు సంస్కారమే గదా! ఆ వెనుక వరుడు గొడుగు, కఱ్ఱ చేతబట్టి పావుకోళ్లు తొడిగి కాశికి బయలుదేరును. వధువు సోదరుడు ఎదురువచ్చి, బెల్లపు ముక్క నిచ్చి, మా చెల్లెలిని పెండ్లాడుమని బతిమాలి వెనుకకు మరలించును. అందులో నవ్వు లేకపోలేదు. కాని ఆ యాత్రలో ముఖ్యమైన సంగతి యేమనగా, బయలుదేరినవాడు మరలి వచ్చుట. నేటి మిత్రగోష్ఠికిని అదియే కొలత. ఎంత వ్యయము చేసితిమి, ఎంత సందడి చేసితిమి అనునవి తరువాతి మాటలు. వెళ్లినవారందరును క్షేమముగా తిరిగి వచ్చి పెండ్లిపందిటిలో నిలువవలెను.

మొదట తేదీని గూర్చి ఆలోచింతము. మన యిండ్లలో వరుని ‘పెండ్లికొడుకును చేసిన’ తరువాత ఊరి పొలిమేర దాటనీయరు. మంగళస్నానము చేయించి, బుగ్గచుక్క పెట్టినవాడు ఎండలో తిరిగి, పడవలెక్కి, నిద్ర చెడి జ్వరము తెచ్చుకొన్నచో మొత్తము శుభకార్యమునకే ఆటంకము. పెద్దలు పెట్టిన యీ కట్టుబాటులో లోకానుభవమున్నది. కావున గోష్ఠిని పెండ్లికొడుకును చేయుటకు కనీసము రెండు వారములు ముందుగా ముగించుట మేలు. శుభలేఖలు పంచుట, బట్టలు కొనుట మొదలగు పనులలో వరునికి నిర్ణయించిన దినములేవో తల్లిదండ్రుల నడిగి తెలిసికొని, ఆపైన శని ఆదివారములను ఎంచుకొనవలెను.

ఇక స్థలము. నదీమధ్యమున మేట వేసి ఏర్పడిన భూమిని డెల్టావాసులు ‘లంక’ అందురు. భవానీ ద్వీపము ప్రకాశం బ్యారేజికి ఎగువన, ఇంద్రకీలాద్రి కనుచూపు మేరలో ఉన్నది. విస్తీర్ణము సుమారు 133 ఎకరములు. ఈ ప్రదేశమున నది సరస్సు వలె విశాలముగా కనబడుటకు బ్యారేజియే కారణము. 1852 మొదలు 1855 వరకు కెప్టెన్ ఆర్ ఆధ్వర్యవమున ఇచట ఆనకట్ట కట్టబడినది. 1952లో దానికి గండి పడినది. పిమ్మట 1954లో ఆరంభమై 1957 డిసెంబరు 24న ప్రారంభింపబడిన 70 గేట్ల బ్యారేజికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టిరి. కాలువలకు నీరెక్కుటకై బ్యారేజి నదిని నిలువబెట్టును. ఆ నిలిచిన నీటి నడుమ ద్వీపము పచ్చగా కనుపట్టును. పర్యాటక శాఖవారి పడవలు భవానీపురపు ఒడ్డునుండి అచటికి నడచుచుండును.

నీరు నిలుకడగా కనబడినంత మాత్రమున నదికి బలము తగ్గినదని భావింపరాదు. మన పెండ్లి ముహూర్తములు ఎక్కువగా మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ మాసములలో వచ్చును. వీనిలో మాఘ ఫాల్గుణములు గోష్ఠికి మిక్కిలి అనుకూలము: ఎండ తీక్ష్ణము కాదు, వరద యుండదు. వైశాఖ జ్యేష్ఠములలో విజయవాడ ఎండ ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలు దాటును. అప్పుడు పగటి వేళ ఆరుబయట ఆటలు కూడవు, ఉదయ సాయంకాలములే పనికివచ్చును. శ్రావణ ముహూర్తమైనచో మరింత జాగ్రత్త వలయును. శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల నిండి గేట్లెత్తు కాలమదియే. మన ఆకాశమున మబ్బు లేకున్నను మహారాష్ట్ర కర్ణాటకములలో కురిసిన వాన ఇచట వరదగా దిగవచ్చును. అంతేకాక, చెంతనే బుడమేరు, మునేరు పరీవాహకములలో కుంభవృష్టి కురిసిన యెడల నది కొలది గంటలలోనే పెరుగును.

2024 సెప్టెంబరు ఆరంభమున జరిగినది ఇదియే. బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరినది. 2009 అక్టోబరు నాటి 11 లక్షల 10 వేల క్యూసెక్కులను మించినది. భవానీ ద్వీపము మునిగినది. కట్లు తెగిన భారీ పడవలు కొట్టుకొనివచ్చి బ్యారేజి గేట్ల వద్ద ఢీకొన్నవి. ప్రవాహము 3 లక్షల 97 వేల క్యూసెక్కులైనపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 5 లక్షల 69 వేలైనపుడు రెండవ ప్రమాద హెచ్చరికను అధికారులు జారీ చేయుదురు. గోష్ఠి తలపెట్టినవారు మొదటి హెచ్చరిక వరకు వేచియుండరాదు. ఎగువ జలాశయముల గేట్లెత్తిరని ఆకాశవాణి వార్తలలో విన్ననాడే ద్వీపయాత్ర మానుకొని, ఒడ్డుననే విడిది చేయుటకు నిశ్చయించుకొనవలెను. లంక రైతులు ఎగువ కబురు వినగనే పశువులను మెట్టకు తోలుకొందురు; వరద వాకిట నిలుచువరకు ఆగరు. నదితో బ్రతుకువారి తెలివి అది.

వరద లేని దినములలో సైతము పడవ విషయమున ఉపేక్ష తగదు. 2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారము. భవానీ ద్వీపమునుండి పవిత్ర సంగమము వైపు యాత్రికులను తీసికొనిపోవుచున్న పడవ సాయంకాలమున బోల్తా పడి 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ పడవకు అనుమతి లేదు. ప్రయాణికులకు రక్షణ కవచములు లేవు. రెండేండ్లు తిరుగకముందే, 2019 సెప్టెంబరు 15న, గోదావరిపై కచ్చులూరు వద్ద మరియొక పడవ మునిగి అంతకంటె ఘోరమైన ప్రాణనష్టము కలిగినది. ఈ రెండు దుర్ఘటనలలోను బయలుదేరినవారు వేడుకగా బయలుదేరినవారే.

కావున పడవ యెక్కుటకు ముందు నాలుగు విషయములు చూడవలెను. పడవ అధికారికమైన రేవునుండి, టిక్కెట్టుపై నడచునదేనా? ఎందరిని ఎక్కించుకొనవచ్చునో వ్రాసియున్న సంఖ్యకు మించి జనము లేరు గదా? ప్రతివానికి కవచము దొరికినదా, దాని పట్టీలు బిగించుకొనిరా? ద్వీపమునుండి కడపటి పడవ ఎన్ని గంటలకు? వీనిలో ఏ ఒక్కదానికి సరియైన సమాధానము రాకున్నను ఆ పడవ నెక్కరాదు. చౌకగా తీసికొనిపోయెదనని రేవు ప్రక్కన పిలుచువాని మాట వినరాదు. పడవ నడుమ ఛాయాచిత్రముల కొరకు అందరును ఒకే అంచునకు చేరుట మిక్కిలి ప్రమాదము. బరువు ఒక ప్రక్కకు ఒరుగగానే పడవ వంగును. వంగిన కొలది జనము మరింత జారి ఆ ప్రక్కకే పడుదురు. అంచు నీటిని తాకినచో ఇక నిలువరించుట కష్టము.

రెండు దినముల కార్యక్రమమును ఇట్లు కూర్చుకొనవచ్చును. శనివారము ఉదయము పెసరట్టు ఉప్మా ఫలాహారము ముగించి, బ్యారేజి దాటి ఉండవల్లి చేరవలెను. అచట కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయమున శయనించియున్న అనంతపద్మనాభుని భారీ విగ్రహము చూడదగినది. మధ్యాహ్నమున విశ్రాంతి. ఎండ చల్లబడిన పిమ్మట ద్వీపమునకు పోయి, చెట్ల నీడలలో ఆటపాటలు, చిన్ననాటి ముచ్చట్లు, వరునిపై హాస్య ప్రసంగములు సాగింపవచ్చును. కడపటి పడవకు అరగంట ముందే రేవు చేరవలెను. రాత్రి విందు, నిద్ర ఒడ్డుననే యుండుట క్షేమము. ద్వీపమున రాత్రి బస చేయదలచినవారు అప్పటికి అచట వసతి నడచుచున్నదో లేదో పర్యాటక శాఖవారిని అడిగి రూఢి చేసికొనవలెను. నదికి ఎదురుగా గదులు, తోట, భోజనశాల గల బసలు భవానీపురమున నున్నవి. ఉలవచారు, గోంగూర, కొరమీను పులుసు దొరుకు సీమలో విందునకు ఇతర దేశపు వంటకములను వెదకనక్కరలేదు. ఆదివారము కొండపల్లి కోట చూచి, తెల్లపొణికి కఱ్ఱతో చేసిన బొమ్మలలో వధూవరులకు కానుకగా ఒకటి కొని, సూర్యాస్తమయమునకు ముందే ఇండ్లకు మరలవచ్చును.

మద్యపానమును గూర్చి దాపరికము లేక చెప్పుట మంచిది. మద్యము లేనిదే ఇట్టి గోష్ఠి రాణింపదనుట అపోహ. మద్యము ఒంటికి వేడి నిచ్చుననుట మరియొక అపోహ. చర్మము క్రింది రక్తనాళములు వ్యాకోచించుటచే వెచ్చగా తోచునే గాని, నిజమునకు శరీరములోని వేడి వెలుపలికి పోవుచుండును. అడుగు తడబడును, దూరము అంచనా తప్పును, ఈత వచ్చునను ధైర్యము మాత్రము పెరుగును. ఇసుక త్రవ్విన గోతులు, మెత్తని ఒండ్రు, కనబడని ఒరవడి గల నదిలో ఆ ధైర్యమే ప్రాణాంతకము. త్రాగినవాడు నీట దిగరాదు, పడవ యెక్కరాదు, బండి నడుపరాదు. 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యము కనబడినచో బండి నడుపుట నేరము. ఆంధ్రప్రదేశమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. మిత్రబృందములో వరుని తమ్ముడు వంటి పిన్నవారుండుట సాధారణము గనుక ఇది గుర్తుంచుకొనవలెను. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా వ్యతిరేకోద్యమమును నడపుటయు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటయు, 1997లో అది సడలుటయు మన యిండ్లలో చాలమందికి జ్ఞాపకమే. తల్లి వద్దన్నచో అది పాతకాలపు చాదస్తమని త్రోసిపుచ్చరాదు. ఆ మాట వెనుక ఒక తరము అనుభవమున్నది.

వ్యయము విషయమున పలువురు మిత్రులు మొగమాటమునకు లోనగుదురు. పన్నెండుగురు వెళ్లుచున్నారనుకొనుడు. వరునిపై భారము మోపకుండుట మర్యాద గనుక వంతులు పదకొండు. మొత్తము వ్యయము 33,000 రూపాయలని లెక్క వేసినచో ఒక్కొక్కరికి 3,000 రూపాయలు వచ్చును. ఈ అంకెలు ఉదాహరణము కొరకే. అయితే ఆ పదకొండుగురిలో ఒకడు క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడు కావచ్చును. మరియొకడు ఇంటికి డబ్బు పంపుచున్నవాడు కావచ్చును. అట్టివాడు ‘నాకు పని యున్నది, రాలేను’ అనును గాని ‘నాయొద్ద లేదు’ అని చెప్పుకొనడు. కావున అందరికంటె తక్కువ ఆదాయము గలవాడు ఎంత ఇచ్చుకొనగలడో మొదట ఏకాంతమున కనుగొని, దానినిబట్టి బసను, భోజనమును ఎంచుకొనవలెను. ఖరీదైన గది లేకున్న గోష్ఠి నడచును. చిన్ననాటి స్నేహితుడు రాకున్న కొరత నిలిచిపోవును.

వీనినన్నిటిని చూచుకొనుటకు ఒక బాధ్యుడుండవలెను. మన వివాహములలో ‘తోడి పెండ్లికొడుకు’ అను చక్కని స్థానమున్నది. సాధారణముగా ఒక చిన్నవానిని వరుని ప్రక్కన కూర్చుండబెట్టుదురు. మిత్రగోష్ఠిలో ఆ పేరును నిబ్బరము గల స్నేహితునికి గౌరవముగా నీయవచ్చును. అతడు ఆ రెండు దినములు మద్యము ముట్టడు. అందరి పేర్లు, ఫోను సంఖ్యలు, బస చిరునామా వ్రాసి ఒక ప్రతిని వరుని ఇంట ఇచ్చును. ఈత రానివారెవరో, మందులు వాడువారెవరో తెలిసికొనును. పడవ యెక్కునపుడు, దిగునపుడు తలలు లెక్కించును. అవసరమైనచో 108కి కబురు చేయుటకు వెనుదీయడు. వరునికి ఇష్టము లేని పరిహాసమును ఆపుటయు, ఎవరి చిత్రములను వారి అనుమతి లేక లోకమునకు చాటకుండ చూచుటయు అతని పనియే. ఒకనాటి వెకిలి చిత్రము పెండ్లికూతురి ఇంట కలతకు కారణము కాగూడదు.

పెద్దలకును ఒక మాట. పిల్లలను పూర్తిగా వారించినచో వారు చెప్పకుండ పోవుదురు; అప్పుడు ఎచట నున్నదియు తెలియదు. ఎచటికి, ఎవరితో, ఎప్పుడు మరలుదురు అను మూడు ప్రశ్నలకు సమాధానము తీసికొని సమ్మతించుట వివేకము. నది ముహూర్తము నెరుగదు, వరుడెవరో ఎరుగదు. దానిని ఎరిగి మసలుకొనువారికి మాత్రము కృష్ణవేణి మధ్యనున్న ఆ పచ్చని లంక స్నేహమునకు తగిన వేదికయే కాగలదు.