వాడిన నీళ్లలో మన సొమ్ము

మన సంఘ కుటుంబాలవారికి ఒక ముఖ్య విషయం మనవి చేస్తున్నాము.

నూలు చిలపలకు రంగు వేసిన తరువాత తొట్టిలో మిగిలిన నీళ్లను సాయంత్రానికి కాలువలో పారబోయడం మనకు అలవాటు. ఆ నీళ్లలో మనం డబ్బుపెట్టి కొన్న ఉప్పు, సోడా, కొంత రంగు ఇంకా ఉన్నవి. పుదూరు, కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల నల్లరేగడి సీమలో అసలు నీళ్లకే కరువు. కాబట్టి వాడిన ద్రవాన్ని మళ్లీ వాడుకొనే పద్ధతి మన ఇండ్లకు తెలియవలెను.

ఒక పదార్థాన్ని తనలో కరిగించుకొనే ద్రవాన్ని ద్రావణి అంటారు. రంగు వేసేవారికి నీళ్లే ద్రావణి. రసాయన మిల్లులకు అసిటోన్, ఆల్కహాలు మొదలైనవి ద్రావణులు. వాడిన ద్రావణిని తిరిగి రాబట్టడం సారా బట్టీ వంటి పనే. అసిటోన్ 56 డిగ్రీల వేడికి మరుగుతుంది. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతవి. రెండూ కలిసిన ద్రవాన్ని మెల్లగా కాచితే అసిటోన్ ముందుగా ఆవిరియై లేస్తుంది. ఆ ఆవిరిని చల్లని గొట్టం గుండా పంపితే మళ్లీ ద్రవమవుతుంది. మురికి అడుగున నిలిచిపోతుంది.

ఈ పని నూలుకు దూరమైనది కాదు. తెలంగాణములోని కాగజ్‌నగర్‌లో సిర్‌సిల్క్ మిల్లు ఉండేది. 1980 దశకంలో మూతబడినది. అక్కడ అసిటేట్ నూలు తీసేవారు. ఆ రకం నూలుకు సెల్యులోజ్ అసిటేట్‌ను అసిటోన్‌లో కరిగించి, సన్నని రంధ్రాలగుండా వెచ్చని గాలిలోకి వదులుతారు. అసిటోన్ గాలిలో కలుస్తుంది, పోగు మిగులుతుంది. ఆ గాలిని ఊరకే పోనిస్తే మిల్లు దివాలా తీయవలసినదే. అందుచేత దానిని ప్రత్యేకమైన బొగ్గు గుండా పంపి, అసిటోన్‌ను పట్టి, బట్టీపెట్టి తిరిగి వాడడం ఈ పరిశ్రమలో ఆనవాయితీ. నేడు లయోసెల్ నూలు తీసే మిల్లులు తమ ద్రావణిలో నూటికి 99 పాళ్లకు పైగా తిరిగి రాబట్టుకొంటున్నవి.

పరీక్షాశాలలకూ ఈ పాఠం అనుభవం మీదనే తెలిసినది. మందుల పరీక్షకు వాడే అసిటోనైట్రిల్‌కు 2008 చివర ప్రపంచమంతటా కొరత వచ్చినది. ఆక్రిలిక్ నూలుకు ముడిసరుకైన ఆక్రిలోనైట్రిల్‌ను తయారుచేసేటప్పుడు అది పక్కసరుకుగా వస్తుంది. గిరాకీ పడిపోయి మిల్లులు పని తగ్గించగానే అదీ తగ్గిపోయినది. అంతవరకు పారబోసినవారు పలువురు దానిని శుద్ధిచేసి వాడుకోసాగినారు.

వీరందరూ పాటించే మొదటి నియమం ఒక్కటే: వేరువేరు వాడకపు ద్రవాలను కలపరాదు. ఒక్క అసిటోన్ మాత్రమే ఉన్న పీపాకు కొనేవాడుంటాడు. నాలుగు రకాలు కలిసిన పీపాను తగలబెట్టించడానికి మనమే ఎదురు డబ్బు ఇవ్వవలెను. కొన్ని కలిసిన తరువాత మామూలు బట్టీకి విడిపోవు కూడా. ఆల్కహాలు నూటికి 95 పాళ్లకు చేరిన తరువాత మిగిలిన నీరు దానితోపాటే ఆవిరియవుతుంది.

ఇక మన సంగతి. తిరుప్పూరు రంగునీళ్లు నొయ్యల్ నదిలో కలిసి, ఒరత్తుపాళయం ఆనకట్టలో నిలిచి, రైతుల బావులను ఉప్పు చేసినవి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి రంగు మిల్లులను మూయించినది. తరువాత సన్నని పొరలగుండా నీటిని వడకట్టి, మిగిలిన ఉప్పునీటిని ఇగిర్చి, నీళ్లూ ఉప్పూ రెండూ తిరిగి వాడే ఏర్పాట్లు చేసినారు. అంత ఖర్చు చిన్నవారు భరించగలది కాదు. కాని ఇంటి తొట్టివద్దనే చేయదగినవి కొన్ని ఉన్నవి.

మొదటిది, కడుగునీళ్లు. మూడు తొట్లు వరుసగా పెట్టవలెను. ఒక విడత నూలుకు చివరి కడుగైన మూడవ తొట్టి నీళ్లు, తరువాతి విడతకు రెండవ కడుగుకు పనికివస్తవి; రెండవ తొట్టి నీళ్లు మొదటి కడుగుకు. విడతకు మూడు తొట్ల కొత్తనీళ్లకు బదులు ఒక్క తొట్టి చాలును. ఒకే రంగును, లేతనుండి ముదురుకు, వరుసగా వేయవలెను.

రెండవది, వ్యాట్ రంగులు. హైడ్రోస్, కాస్టిక్ సోడా వేసిన తొట్టిలో మొదటి విడత తరువాత కూడా రంగు మిగిలి ఉంటుంది. కొంచెం రంగు, హైడ్రోస్, సోడా చేర్చి అదే రంగుకు మళ్లీ వాడవచ్చును. ముందుగా ఒక్క చిలపతో పరీక్షించవలెను. గాలి తగిలి హైడ్రోస్ చచ్చిపోతుంది గనుక రెండవ విడత అదే రోజున ముగించవలెను.

మూడవది, రియాక్టివ్ రంగులు. మిగిలిన రంగు నీటితో కలిసి చచ్చిపోతుంది. మళ్లీ నూలును పట్టదు. కాని ఉప్పు నూలులోకి పోదు. లీటరుకు 50 గ్రాముల చొప్పున వేస్తే 100 లీటర్ల తొట్టినుండి 5 కిలోల ఉప్పు బయటికి పోయినట్లే. పటిక వేసి తేర్చినా, గుడ్డతో వడకట్టినా రంగు తగ్గవచ్చును గాని ఉప్పు పోదు. నీళ్లు తేటగా ఉన్నవని మోసపోరాదు. కట్టెలతో ఇగిరిస్తే ఖర్చు ఉప్పు ధరను మించిపోతుంది. తూత్తుకుడి ఉప్పుమళ్లలో ఎండ చేసే పనిని ఇక్కడి ఎండ కూడా చేయగలదు. నాలుగైదు ఇండ్లవారు కలిసి, నీరు ఇంకని సిమెంటు మడి కట్టి, మొదటి రంగునీళ్లను మాత్రం అందులో ఎండబెట్టవచ్చును. అడుగున మిగిలిన మడ్డిని పొలంలోగాని, వాగులోగాని వేయక, ప్రభుత్వ అనుమతిగల సేకరణదారులకు అప్పగించవలెను.

ఒక హెచ్చరిక. థిన్నరు, పెట్రోలు, అసిటోన్ వంటివాటిని ఇంట్లో బట్టీపెట్టరాదు. వాటి ఆవిరి నేలబారున పాకి, దూరాన ఉన్న పొయ్యినుండి కూడా అంటుకొంటుంది. హైడ్రోస్ డబ్బాకు తడి తగలనీయరాదు. తడిస్తే వేడెక్కి మండుతుంది.

మగ్గం పాడైతే బాగుచేసుకోగలము. బావిలో ఉప్పు దిగితే తోడిపోసే ఉపాయం మనవద్ద లేదు. కాబట్టి రేపటి నుండే రంగునీళ్లను, గంజినీళ్లను, కడుగునీళ్లను వేరువేరుగా పట్టవలెనని మా మనవి. దీనికి కావలసినది రెండు మూడు తొట్లు మాత్రమే.