శుభం పడని కథలు

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చెందినదైనను, దాదాపు మూడు వైపుల ఆంధ్రదేశపు సరిహద్దులచే చుట్టబడి, కచేరీలో కన్నడమును ఇండ్లలో విరివిగా తెలుగును వినిపించు పావగడ తాలూకాలో బలసముద్రమొక గ్రామము. తెలుగు సినిమా భవితవ్యమును గూర్చి ఆలోచించువారు హైదరాబాదు కంటె ముందుగా ఇట్టి సరిహద్దు పల్లెలను తలచుకొనుట మంచిది. ఏలయన, పావగడకో మడకశిరకో హిందూపురమునకో బస్సెక్కి సినిమాకు పోవు పల్లెవాసి తన కష్టార్జితమును, ఒక పూట కూలిని, తిరుగు ప్రయాణపు నిద్రను కూడ పణముగా నొడ్డి టికెట్టు కొనుచున్నాడు. అట్టివాడు థియేటరునకు దూరమగుటకు కారణము అభిరుచి మారుట మాత్రమే కాదు. చిత్రముపై అతనికి గల విశ్వాసము సన్నగిల్లుట.

ఆ విశ్వాసము సన్నగిల్లుటకు రెండవ, మూడవ భాగములుగా ఒకే కథను కొనసాగించుటయే కారణమని, అది జనులకు గిట్టదని కొందరందురు గాని, ఆ మాట నిలువదు. తెలిసిన కథను మరల మరల వినుటలో మనవారు అలుపెరుగనివారు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు నేటికిని రామాయణ భారత గాథలనే చర్మముపై చిత్రించుచున్నారు. పూర్వము ఆ బొమ్మలాటను తెల్లవారుదాక కూర్చుండి చూచినవారిలో కథ తెలియనివారు అరుదు. 1934లో వచ్చిన లవకుశ 1963లో రంగుల చిత్రమై మరల రాగా పల్లెలు బండ్లు కట్టుకొని కదలినవి. 1936లో ఒకమారు తెరకెక్కిన మాయాబజారు కథనే కె.వి. రెడ్డి 1957లో చిత్రించగా, అది తెలుగువారి ఇంటింటి ఆస్తియైనది. కథ పాతదగుట దోషము కాదు. చెప్పుటకు క్రొత్తగా ఏమియు లేకపోవుట దోషము.

ఈ భేదమును ఇటీవలి చిత్రములే చూపుచున్నవి. 2015 జులైలో విడుదలైన బాహుబలి మొదటి భాగము, కట్టప్ప తన ప్రభువును పొడిచిన ఘట్టముతో ముగిసెను. ఆ ప్రశ్న కథాగర్భమునుండి పుట్టినది గనుకనే, 2017 ఏప్రిల్‌లో వచ్చిన రెండవ భాగమునకై దేశమెల్ల ఎదురుచూచినది, వేయి కోట్ల వసూళ్లను దాటిన మొదటి భారతీయ చిత్రముగా దానిని నిలిపినది. ఇంటిపేరు దక్కని కొడుకు వేదన 2021 నాటి పుష్పలో మిగిలిపోయినది గనుక 2024లో రెండవ భాగమునకు చెప్పవలసిన కథ ఉండెను. అందులకు భిన్నముగా, 2019లో వచ్చిన మన్మథుడు 2కు పూర్వచిత్ర కథతో సంబంధమే లేదు. కిక్ 2, సర్దార్ గబ్బర్ సింగ్, డబుల్ ఇస్మార్ట్ మొదలగునవి పాత పేరు తెచ్చిన ఆదరణను నిలుపుకొనలేకపోయినవి. 1996 నాటి భారతీయుడును గుండెలలో దాచుకొన్నవారు ఇరువదియెనిమిదేండ్లకు, 2024 జులైలో, రెండవ భాగమునకు పోగా, అది మూడవ భాగపు దృశ్యములను చూపి పంపివేసెను. పూర్వము తెరపై శుభం పడిన పిమ్మట లేచు ప్రేక్షకుడు, ఇప్పుడు సగము భోజనమునకు పూర్తి మూల్యము చెల్లించి లేచుచున్నాడు.

పరదేశముల అనుభవమును ఇట్టిదే. 2008లో ఐరన్ మ్యాన్‌తో మార్వెల్ సంస్థ ఆరంభించిన చిత్రమాలిక 2019లో ఎండ్‌గేమ్‌తో శిఖరమునంటెను. తరువాత ఇంటి తెరపై సీరియళ్లు కూడ చూచిననే పాత్రలు బోధపడు స్థితి ఏర్పడగా, 2023లో వచ్చిన ద మార్వెల్స్ ఆ మాలికలో అప్పటివరకు వచ్చిన అన్ని చిత్రములకంటె తక్కువ వసూలు చేసెను.

ఇక థియేటరు సంగతి. ఎన్నికలు, క్రికెట్ పోటీలు, పెద్ద చిత్రముల కొరత కలసిరాగా, 2024 మే 17 నుండి తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ యజమానులు పది దినములు ఆటలు నిలుపుదుమని ప్రకటించిరి. మరుసటి యేడు ఉభయ రాష్ట్రముల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుండి థియేటర్లు మూయుదుమని హెచ్చరించి, పిదప విరమించుకొనిరి. వారి బాధ అద్దె పద్ధతిని గూర్చినది: జనము క్రిక్కిరిసిన తొలి దినములలో పెద్ద చిత్రము నిర్ణీతమైన అద్దె మాత్రమిచ్చి లాభమును తీసుకొనిపోవును, కుర్చీలు ఖాళీపడిన తరువాత మాత్రము వసూలులో శాతము పంచుకొనుదమనును. మల్టీప్లెక్సులకు వలె తమకును మొదటి ఆటనుండియే పర్సెంటేజీ కావలెనని వారి కోరిక. అది న్యాయమైన కోరిక.

ప్రేక్షకుని లెక్క మరింత సూటియైనది. టికెట్టు 200 రూపాయలనుకొన్నను నలుగురి కుటుంబమునకు 800. బస్సు చార్జీలు, విరామమున పిల్లల చిరుతిండ్లు దానికి అదనము. పుష్ప 2 తొలి ప్రదర్శనలకు తెలంగాణలో మామూలు ధరపై టికెట్టుకు 800 రూపాయలు పెంచుకొనుటకు అనుమతి లభించినది. కర్ణాటక ప్రభుత్వము 2025 సెప్టెంబరులో పన్ను కాక 200 రూపాయలను గరిష్ఠ ధరగా విధించగా, ఉన్నత న్యాయస్థానము దానిని తాత్కాలికముగా నిలిపివేసెను. ఇంత వ్యయము కాదనుకొని కొన్ని వారములాగినచో, అనేక చిత్రములు ఓటీటీలో చేతిలోని ఫోనునకే వచ్చుచున్నవి. 2022 ఆగస్టులో నిర్మాతలు చిత్రీకరణలు నిలిపి థియేటరు విడుదలకును ఓటీటీకిని నడుమ ఉండవలసిన గడువును గూర్చియు తర్కించిరి. అయినను ప్రేక్షకునికి ఆగుటయే లాభమను స్థితి తొలగలేదు.

అయితే జనుల హృదయమున సినిమాపై మమకారము చావలేదు. 2023లో వేణు యెల్దండి తీసిన బలగం చిత్రమును తెలంగాణ పల్లెలలో తెరలు కట్టి, ఊరెల్ల ఒకచోట కూర్చుండి చూచి కన్నీరు పెట్టినది. 2025 జనవరిలో సంక్రాంతికి వస్తున్నాం చిత్రమునకు ముసలివారును పిల్లలును కలసి కుటుంబములు తరలివచ్చినవి. ఈ రెంటికిని పూర్వ భాగము లేదు. తమ ఇంటి సంగతి తెరపై కనబడుటయే వాని బలము.

కావున చేయవలసినది అస్పష్టముగా లేదు. ఏ భాగమునకా భాగము తృప్తినిచ్చునట్లు కథను ముగింపవలెను. రెండవ భాగమును ప్రకటించుటకు ముందు చెప్పవలసినదేమో రచయిత తేల్చుకొనవలెను. చిన్న ఊరి థియేటరునకు వసూలులో న్యాయమైన వాటా దక్కవలెను. ఓటీటీ గడువు పెరగవలెను. ధర కూలివాని కుటుంబమునకు అందవలెను. నటునిపై అభిమానము మొదటి దినపు ఆటను నింపగలదు గాని, రెండవ వారమున కుర్చీలను నింపునది చూచినవాడు పొరుగువానితో చెప్పు మంచిమాటయే. పల్లె ప్రేక్షకుడు ఇన్నేండ్లుగా ఆ మాటను ఉచితముగా చెప్పుచు ఈ పరిశ్రమను పోషించెను. అతడు బదులుగా కోరుచున్నది తాను వెచ్చించిన మూడు గంటలకు ఒక నిండు కథ.