మీకు తెలుసా? గుజ్జు అరిగినా నొప్పి రాకపోవచ్చు!

నడుం స్కాన్ రిపోర్టు ఇంటికొచ్చిందంటే చాలు, 'పూసల మధ్య గుజ్జు అరిగిపోయిందట' అన్న కబురు సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరిపోతుంది. మరి నొప్పే లేనివాళ్లకు స్కాన్ తీస్తే? 2015లో అచ్చయిన ఒక సమీక్షలో ఇలాంటి 33 అధ్యయనాలను, వాటిలోని 3,110 మంది స్కాన్లను ఒకచోట చేర్చి చూశారు. నడుంనొప్పి ఎరగని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఉంది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం! జుట్టు నెరిసినట్టే డిస్కూ వయసుతో మారుతుందన్నమాట. అలాగని అరుగుదలకూ నొప్పికీ సంబంధమే లేదని కాదు. ఉంది గానీ, మనం అనుకునేంత ముక్కుసూటి సంబంధం కాదు. (కాలు బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.)

అయితే 'ఎంత దెబ్బో అంత నొప్పి' అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? అందరూ వేలెత్తి చూపేది ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్‌ని. ఆయన 1650లో పోయాడు. 1664లో ఫ్రెంచిలో వెలువడిన ఆయన 'మనిషి' గ్రంథంలో ఓ బొమ్మ ఉంది: నిప్పు పక్కన మోకాలు ఆనించి కూర్చున్న కుర్రాడు, సెగ తగులుతున్న పాదం, అక్కడి నుంచి మెదడు దాకా పాకిన సన్నటి తీగ. కింద తాడు లాగితే పైన గంట మోగినట్టు, పాదం కాలితే మెదడులో నొప్పి మోగుతుందని వివరణ. నొప్పి గురించి రాసే ఏ పుస్తకం తెరిచినా ఈ కుర్రాడు కనిపిస్తాడు.

పాపం, డెకార్ట్‌ని మరీ అంతగా తిట్టక్కర్లేదు. నావికుడు ఓడలో ఉన్నట్టు నేను నా ఒంట్లో లేను, రెండూ కలగలిసిపోయాయని 1641లోనే రాశాడు. 1644లో ఇంకో విచిత్రం చెప్పాడు. ఓ అమ్మాయికి కుళ్లిన చెయ్యి తీసేసి, ఆ సంగతి తెలియకుండా కట్టు కట్టారు. ఆ పిల్ల లేని వేళ్లలో నొప్పని ఏడ్చేది. తాడును మధ్యలో ఎక్కడ లాగినా గంట మోగుతుంది కదా అన్న తీరులోనే ఆయన దీన్నీ వివరించాడు. తాడు సిద్ధాంతం అప్పుడే బీటలు వారిందని నాకనిపిస్తుంది, ఆయనకు అనిపించలేదు.

ఆ తాడుకు అసలైన దెబ్బ తగిలింది 1965లో. రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు, నొప్పి కబుర్లు వెన్నుపాములో ఓ గేటు దాటి వెళ్లాలనీ, పక్కన తగిలే స్పర్శగానీ పై నుంచి మెదడుగానీ ఆ గేటును మూయగలవనీ ప్రతిపాదించారు. మోచెయ్యి గుమ్మానికి కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటాం చూడండి, అదే సూత్రం. 'ఫిజియో దగ్గర కరెంటు పెట్టించుకొచ్చా' అంటారే, ఆ టెన్స్ యంత్రం ఈ ఆలోచనలోంచి వచ్చిందే. గేటు వివరాలు తర్వాత చాలా మారాయి గానీ, యంత్రం మాత్రం క్లినిక్‌లో స్థిరపడిపోయింది.

మేకు సంగతి విన్నారా? ఓ 29 ఏళ్ల భవన కార్మికుడు పై నుంచి దూకితే 15 సెంటీమీటర్ల మేకు బూటులోంచి పైకి పొడుచుకొచ్చింది. కదిలితే చాలు ప్రాణం పోతోందన్నంత బాధ. మత్తుమందిస్తే గానీ మేకు లాగనివ్వలేదు. బూటు విప్పి చూస్తే పాదం మీద గీత కూడా లేదు, మేకు వేళ్ల సందులోంచి దూరిపోయింది. 1995లో ఓ బ్రిటిష్ వైద్య పత్రిక దీన్ని అచ్చేసింది. దీనికి అటు కొసన హెన్రీ బీచర్ 1946లో రాసిన వ్యాసం ఉంది: రెండో ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన సైనికుల్లో ఎక్కువమంది తమకు నొప్పిమందు అక్కర్లేదన్నారు. కార్మికుడు నటించలేదు, సైనికులు వీరత్వం చూపించనూ లేదు.

ఇంతకీ ఫిజియోథెరపీకి ఇలా తాడూ గంటా లెక్కన శరీరాన్ని యంత్రంలా చూసే అలవాటు ఎందుకంత గట్టిగా పట్టుకుంది? దీని వెనక ఓ లండన్ రచ్చ ఉంది. 1894లో మసాజ్ పేరుతో వ్యభిచారం సాగుతోందని అక్కడి వైద్య పత్రికల్లో, దినపత్రికల్లో గగ్గోలు పుట్టింది. నిజంగా రోగులకు మర్దన చేసే నర్సుల పరువు గంగలో కలిసేలా ఉంది. అప్పుడు నలుగురు మహిళలు కలిసి శిక్షణ పొందిన మర్దనకారుల సంఘం పెట్టారు. ఇవాళ్టి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘానికి అదే మూలం. డాక్టరు చెప్పందే మసాజ్ చేయకూడదు, ప్రత్యేక కారణం ఉంటే తప్ప మగవాళ్లకు చేయకూడదు అని నిబంధనలు పెట్టుకున్నారు. న్యూజిలాండ్ పండితుడు డేవిడ్ నికల్స్ ఇక్కడో మంచి మెలిక చూపిస్తాడు. పరాయి ఒంటిని తాకడం తప్పు కాదనిపించుకోవాలంటే, తాకేది మనిషిని కాదు, కండరాన్ని, కీలును అని చూపించుకోవాలి. యంత్రం లెక్క అలా ఆ వృత్తికి రక్షణ కవచమైంది. ఆ రోజుల్లో అది తెలివైన ఎత్తే. కాకపోతే కవచం వేసుకుని వేసుకుని చర్మంలా అతుక్కుపోయింది.

ఈ కవచాన్ని విప్పి చూడటానికి కొందరు ఫిజియోలు ఇప్పుడు తిరగేసేది మరో ఫ్రెంచి తత్వవేత్త మారిస్ మెర్లో-పాంటీని. 1945లో వచ్చిన ఆయన పుస్తకంలో ష్నైడర్ అనే జర్మన్ రోగి ఉంటాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇనప ముక్క తగిలి మెదడు దెబ్బతింది. 'నీ ముక్కు చూపించు' అంటే ఇబ్బంది పడేవాడు. దోమ కుట్టిందా, చెయ్యి సూటిగా అక్కడికే వెళ్లేది! చూపించాల్సిన శరీరం వేరు, బతుకుతున్న శరీరం వేరు అన్నమాట.

మెదడుకు ఏ దెబ్బా తగలని మామూలు నడుంనొప్పిలోనూ దీని ఛాయ కనిపిస్తుంది. 'ముందుకు వంగండమ్మా' అంటే 'వంగలేనయ్యా' అంటూ మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోతారు. పరీక్ష అయ్యాక స్టూలు కిందికి జారిన చెప్పును మాత్రం మామూలుగా వంగి లాక్కుంటారు. కొత్తగా చేరిన విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, 'నాటకం' అన్నట్టు. కాదు. వంగమన్నప్పుడు రోగి ధ్యాసంతా నడుం మీదే, ఎక్కడ పట్టేస్తుందోనని. చెప్పు దగ్గర ధ్యాస చెప్పు మీద. అందుకే అనుభవమున్నవాళ్లు 'వంగండి' అనడం మానేసి నేల మీద బంతి పెట్టి అందుకోమంటారు.

నొప్పిని ఇలా గాయం నుంచి విడదీసి చూడటంలో ఓ ప్రమాదమూ ఉంది. 'నొప్పిని తయారుచేసేది మెదడేనండీ' అని ఫిజియో అంటే, 'అంతా నీ భ్రమ' అన్నట్టు వినిపిస్తుంది రోగికి. ఆ మాట పడ్డవాళ్లు మళ్లీ ఆ క్లినిక్ మెట్లెక్కరు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979 నాటి నిర్వచనాన్ని 2020లో సవరించింది. నొప్పిని మాటల్లో వర్ణించగలగాలన్నట్టు ధ్వనించే ముక్క తీసేసింది, పసిపిల్లలూ మాట పడిపోయినవాళ్లూ బయట మిగిలిపోకుండా. నొప్పుందని ఎవరైనా అంటే ఆ మాటను గౌరవించాలని కూడా జతచేసింది. మరి 'సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంతమ్మా?' అంటే ఠక్కున 'పన్నెండు' అనే పెద్దావిడలుంటారు. సంఘం మాట ప్రకారం ఆ పన్నెండుకూ గౌరవం ఇవ్వాల్సిందే. ఫారంలో మాత్రం పది దగ్గరే గళ్లు అయిపోతాయి.