కిడ్నీతో పాటు మూలుగ కూడా

అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాడిపశువుల మధ్య పెరిగిన శాస్త్రవేత్త రే ఓవెన్ 1945లో ఒక వింత గమనించాడు. తల్లి కడుపులో రక్తనాళాలు కలిసిపోయిన కవల దూడల్లో, పెరిగి పెద్దయ్యాక కూడా ఒకదాని ఒంట్లో రెండోదాని రక్తకణాలు బతికే ఉన్నాయి. పరాయివని ఏ దూడా వాటిని చంపలేదు. ఈ ముక్క పట్టుకుని శాస్త్రవేత్త పీటర్ మెడవార్ బృందం 1953లో, ఇంకా పుట్టని ఎలుక పిల్లలకి వేరే వంశపు ఎలుక కణాలు ఎక్కించింది. పెద్దయ్యాక ఆ వంశపు చర్మం అతికిస్తే అది నిలిచింది. మరో రెండేళ్లకి పెద్ద ఎలుకల్లోనూ ఇది సాధ్యమైంది. ముందు రేడియేషన్, ఆపైన దాత ఎముక మూలుగ, చివర చర్మం.

రోగనిరోధక కణాలకి పుట్టిల్లు మూలుగే. వాటిలో టి కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథికి వెళ్లి ఎదుగుతాయి. సొంత ఒంటి మీదే తిరగబడే రకాలు చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. దాత మూలుగ కూడా ఒంట్లో పాతుకుంటే దాని కణాలూ థైమస్‌కి చేరతాయి. వాటిపై దాడికి దిగే రకాలూ అక్కడే పోతాయి. ఇక అదే దాత కిడ్నీని శరీరం పరాయిదనుకోదు.

చెప్పడానికి బాగానే ఉంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో ఏకరూప కవలల మధ్య కిడ్నీ మార్చి గెలిచిన సర్జన్ జోసెఫ్ మర్రే, 1958లో కవలలు కానివారికి ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చి, మూలుగ ఎక్కించి చూశాడు. ఆ దెబ్బకి రోగులు తట్టుకోలేకపోయారు. పైగా మూలుగతో ఇంకో బెడద ఉంది. అద్దెకి దిగినవాళ్లే ఇంటి యజమానిని గెంటేసినట్టు, దాత కణాలే రోగి ఒంటిని పీక్కుతినొచ్చు. ఇంతలో రోగనిరోధక శక్తిని అణచే మందులు అజాథయోప్రిన్, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. మూలుగ దారిని చాలామంది వదిలేశారు.

ఆ మాత్రల పుణ్యమా అని నేడు బెంగళూరులోని బెళ్ళందూరు ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్లలో ఎవరైనా కిడ్నీ పెట్టించుకున్నా మామూలు జీవితం గడపొచ్చు. కానీ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, వేళ తప్పకుండా టాక్రోలిమస్ పడాల్సిందే. ఆ మందే కాలక్రమంలో కొత్త కిడ్నీకి చేటు చేయొచ్చు. అణచిన రోగనిరోధక శక్తితో, నురగలు కక్కి, 2017లో మంటలు కూడా లేచిన బెళ్ళందూరు చెరువు పక్కన కాపురమంటే ఇన్ఫెక్షన్ల భయం తోడు.

1990లో నోబెల్ బహుమతి మర్రేకి, మూలుగ మార్పిడికి ఆద్యుడైన డోనల్ థామస్‌కి కలిపి ఇచ్చారు. ఒకప్పుడు బోస్టన్‌లో ఒకే ఆస్పత్రిలో పనిచేసినవారే ఇద్దరూ. వాళ్ల చికిత్సలు మాత్రం అప్పటికీ రెండు దారులే.

అవి కలిసినట్టు లోకానికి గట్టిగా తెలిసింది 2008లో. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వైద్యులు, జన్యుపరంగా సగమే సరిపోలిన దగ్గరి బంధువుల నుంచి కిడ్నీ, మూలుగ ఒకేసారి తీసి ఐదుగురికి మార్చారు. ఒకరికి కిడ్నీ నిలవలేదు. మిగతా నలుగురు 9 నుంచి 14 నెలల్లో మాత్రలన్నీ మానేశారు. విశేషమేమిటంటే, దాత కణాలు కొన్ని వారాల్లోనే మాయమైపోయినా ఒళ్లు కిడ్నీని అంగీకరిస్తూనే ఉంది. ఎలుకల పాఠంతో ఇది పూర్తిగా పొసగదు. తర్వాత్తర్వాత ఇలాంటి రోగుల్లో కొందరు మళ్లీ మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది కూడా.

మూలుగ వాడకం కిడ్నీతో ఆగలేదు. పిట్స్‌బర్గ్‌లో 2009 నుంచి చేతుల మార్పిడి చేసిన బృందం, మరణించిన దాత మూలుగను రోగికి ఎక్కించి, మూడు మందుల బదులు ఒక్క టాక్రోలిమస్‌తో నడిపించింది. ఆ బృందంలో విజయ్ గోరంట్ల ఒకరు. ఇంటిపేరు వింటే మన ఊళ్లే గుర్తొస్తాయి. మన దేశంలో ఈ దారిన మొండిగా నడిచినవారు అహ్మదాబాద్ కిడ్నీ సంస్థకి చెందిన హెచ్.ఎల్. త్రివేది. దాత మూలకణాలు ఎక్కించి మందుల మోతాదు తగ్గించాలని చూశారు. 2015లో పద్మశ్రీ అందుకుని, 2019లో కన్నుమూశారు.

నా లెక్కలో కిడ్నీతో పాటు మూలుగ మార్చడం ఇంకా ఎంపిక చేసిన రోగులకి, పరిశోధన కేంద్రాల్లోనే చేయాల్సిన చికిత్స. కాబట్టి కిడ్నీ పెట్టించుకున్నవారు ఇది చదివి మాత్రలు మానకండి. ఒక్క పూట మాత్ర మార్చాలన్నా మీ నెఫ్రాలజిస్టుని అడగండి.