ఉప్పు ఎడారిలో రాతి నగరం

సూరత్ అంచున ఉన్న వడోద్ నుంచి ధోలావీరాకు దాదాపు రోజంతా ప్రయాణం. మరమగ్గాల చప్పుడు వెనకబడ్డాక ఖంభాత్ అఖాతాన్ని చుట్టి, అహ్మదాబాద్ దాటి కచ్ చేరాలి. ఆఖర్న దారికి రెండు వైపులా తెల్లటి ఉప్పు నేల పరుచుకుని ఉంటుంది. ఆ నేల మధ్యలోనే ధోలావీరా ఉన్న ఖదీర్ బేట్. బేట్ అంటే దీవి. వానాకాలంలో రణ్ అనే ఈ ఉప్పు నేల నీటితో నిండితే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

ఇదంతా కచ్ ఎడారి అభయారణ్యం. విస్తీర్ణం 7,500 చదరపు కిలోమీటర్ల పైనే. అరణ్యమన్న మాటే గానీ కనుచూపు మేర చెట్టుండదు. పులికాట్‌లో తెలుగువాళ్లు చూసి మురిసే ఫ్లెమింగోల జాతి, వానలు బాగా పడ్డ ఏడాది ఈ రణ్‌లోనే బురదతో గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతుంది.

ధోలావీరా ఊరివాళ్లు 'కోటడా' అని పిలిచే దిబ్బను 1960లలో పురావస్తు శాస్త్రవేత్త జగత్‌పతి జోషి గుర్తించారు. 1990 నుంచి ఆర్.ఎస్. బిష్త్ బృందం తవ్వితే హరప్పా నాగరికత నాటి మహానగరం బయటపడింది. క్రీ.పూ. 3000 నుంచి 1500 దాకా ఇక్కడ మనుషులు బతికారు. మొహెంజొదారోలో కాల్చిన ఇటుక రాజ్యమేలితే, ఇక్కడ కట్టడాల్లో ఎక్కువ భాగం రాయి. కోట, నడిమి ఊరు, దిగువ ఊరు, వీటన్నిటినీ చుట్టి ప్రాకారం: మొత్తం సుమారు 47 హెక్టార్లు.

అసలు ఆశ్చర్యం నీళ్ల సంగతి. దగ్గర్లో జీవనది లేదు. ఉన్నవల్లా వానాకాలంలోనే పారే మన్సర్, మన్‌హర్ అనే రెండు వాగులు. వాటికి అడ్డుకట్టలు వేసి, నీటిని ప్రాకారం లోపలి జలాశయాలకు మళ్లించారు. కొన్నిటిని ఏకంగా రాతిని తొలిచే చేశారు. వాటిలో పెద్దదాని పొడవు 73 మీటర్లు. మెట్లు చూస్తే మన గుడి కోనేరే గుర్తొస్తుంది. కాకతీయుల గొలుసుకట్టు చెరువులకు మూడు వేల ఏళ్లకు పైగా ముందటి లెక్క ఇది!

కోట ఉత్తర ద్వారం దగ్గర దొరికిన పలక మరో వింత. చెక్క మీద జిప్సం ముక్కలు పొదిగి పది పెద్ద గుర్తులు రాశారు. చెక్క చివికిపోయింది, అక్షరాలు పడ్డచోటే మిగిలాయి. వాటిని చదవగలిగినవారు ఇప్పటిదాకా లేరు.

2021లో యునెస్కో ధోలావీరాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వెళ్లదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. శిథిలాల మధ్య నీడ తక్కువ. ఇన్ని జలాశయాలు చూడబోతున్నా, నీళ్ల సీసా మాత్రం వెంట ఉండాల్సిందే.